జ్యూస్ ఫ్యాక్టరీకి వచ్చే బయటివాళ్ళకు సేఫ్టీ రూల్స్ వర్తిస్తాయా? చిత్తూరు మామిడి సీజన్‌లో నా అనుభవం

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలను ఊళ్ళో అందరూ జ్యూస్ ఫ్యాక్టరీలనే అంటారు. తోతాపురి కోతలు మొదలయ్యాక వాటి గేట్లకు రాత్రీపగలూ తేడా ఉండదు. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరున్న కార్మికులు ఎంతమందో, మస్టర్‌లో లేనివాళ్ళూ ఇంచుమించు అంతమంది ఆవరణలో తిరుగుతుంటారు. కాయ తెచ్చిన రైతు, ట్రాక్టర్ డ్రైవరు, అతని వెంట వచ్చిన కుర్రాడు, డ్రమ్ముల లోడుకొచ్చిన లారీ డ్రైవరు, వెల్డింగ్ కాంట్రాక్టరు మనుషులు, టెంకలూ తొక్కలూ ఎత్తుకెళ్ళే బండివాళ్ళు, చదువు కోసం చూడవచ్చిన కాలేజీ పిల్లలు, తనిఖీకి వచ్చిన అధికారులు. ప్రతి సీజన్‌కు ముందు నేను సేఫ్టీ ఏర్పాట్లు చేసేటప్పుడు యాజమాన్యం నుంచి ఒకే ప్రశ్న వస్తుంది: "వాళ్ళు మన వర్కర్లు కాదు గదా, వాళ్ళకు మన సేఫ్టీ రూల్స్ ఎందుకు?"

ఈ ప్రశ్నకు మూలం పాత చట్టంలోనే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో యజమాని సాధారణ బాధ్యత చెప్పే 7ఏ సెక్షన్ కార్మికుల ఆరోగ్యం, భద్రత గురించే మాట్లాడేది. 1984 భోపాల్ తర్వాత, 1987 సవరణలో 41బీ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీ ఆ ప్రమాదాల వివరాలు కార్మికులకే కాదు, చుట్టుపక్కల ప్రజలకూ తెలపాలని అందులో ఉండేది. గోడ అవతలి మనిషిని చట్టం పట్టించుకుంది గానీ, గేటులోంచి లోపలికొచ్చిన రైతు గురించి సూటిగా చెప్పిన మాట లేదు. దాన్ని పట్టుకుని "బయటివాడు" అని పక్కన పెట్టేయడం అలవాటైపోయింది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 అనే కొత్త చట్టం ఆ సందు మూసేసింది. దాని 6వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ, గని, ఓడరేవు పని, భవన నిర్మాణం, ప్లాంటేషన్ నడిపే యజమాని ఉద్యోగులకూ కార్మికులకూ మాత్రమే జవాబుదారీ కాదు, ఆ ఆవరణలో ఉన్న ఇతర వ్యక్తుల భద్రతకూ ఆయనదే బాధ్యత. వాళ్ళు అక్కడ ఉన్నట్టు ఆయనకు తెలిసినా, తెలియకపోయినా సరే. ఈ చివరి మాటను నేను ప్రతి మీటింగులో రెండుసార్లు చదివి వినిపిస్తాను. "వాడు లోపలికి వచ్చినట్టు మాకు తెలీదండీ" అన్నది ఇక జవాబు కాదు. బాధ్యత తప్పినందువల్ల ప్రమాదం జరిగి మనిషి చనిపోతే రెండేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తీవ్ర గాయమైతే ఏడాది వరకు జైలు, లేదా 2 నుంచి 4 లక్షల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడికో, వారసులకో ఇప్పించే అధికారం కోర్టుకుంది.

చట్టం సంగతి అంతే. అసలు పని గేటు దగ్గర మొదలవుతుంది.

కార్మికుడికీ బయటివాడికీ ఒక పెద్ద తేడా ఉంది. కార్మికుడికి నేర్పుతాం. మరిచిపోతే మళ్ళీ చెబుతాం. వారం తిరిగేసరికి ఏ పైపు కాలుతుందో, ఏ మూల నేల జారుతుందో అతనికి ఒంటికి తెలిసిపోతుంది. రైతు వచ్చేది సీజన్‌కు నాలుగైదుసార్లు. అతని కళ్ళు కాటా మీద, కాయ రేటు మీద ఉంటాయి. బోర్డు చదివి, గుర్తుపెట్టుకుని, జాగ్రత్తపడతాడని నమ్ముకుంటే అది మన తప్పే. కాబట్టి బయటివాడి విషయంలో నేర్పడం మీద కాక, ప్రమాదాన్ని అతనికి అందనంత దూరంలో పెట్టడం మీద ఆధారపడాలి. రెయిలింగ్, గేటు, తాళం, వేరే దారి. హెల్మెట్ అన్నిటికంటే చివర.

సీజన్‌కు పదిహేను రోజుల ముందు మేం చేసే మొదటి పని గేటు దగ్గర కూర్చుని రాసుకోవడం. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా ఎవరు వచ్చారు, ఏ దారిన నడిచారు, ఎక్కడ నిలబడ్డారు, నీళ్ళకు ఎటు పోయారు, ఒంటేలుకు ఎటు పోయారు. ఆఫీసులో కూర్చుని గీసిన ప్లానుకూ దీనికీ పొంతన ఉండదు. కాటా చీటీ తీసుకుని డబ్బుల ఆఫీసుకు పోవాలంటే ప్లానులో చుట్టూ తిరిగే దారి ఉంటుంది. మనుషులు మాత్రం బాయిలర్ షెడ్డు పక్కనుంచి అడ్డంగా నడుస్తారు. అక్కడ "ప్రవేశం లేదు" అని బోర్డు కొడితే ఒక్కరూ ఆగరు. చీటీ ఇచ్చే కిటికీని కాటా పక్కకు మారిస్తే ఆ అడ్డదారిలో నడిచే పనే ఉండదు. నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి కూడా అంతే. అవి యార్డులోనే ఉంటే ప్లాంటు వైపు వచ్చేవాళ్ళు చాలావరకు తగ్గిపోతారు.

గేటు రిజిస్టర్ గురించి చెప్పాలి. చాలాచోట్ల వచ్చిన టైము ఉంటుంది, పోయిన టైము గడి ఖాళీగా ఉంటుంది. డ్రైవరు పేరు ఉంటుంది, వెంట వచ్చిన కుర్రాడి పేరు ఉండదు. సైరన్ మోగినప్పుడు ఆ పుస్తకం దేనికీ పనికిరాదు, ఎందుకంటే లోపల ఇంకా ఎవరున్నారో అది చెప్పదు. మేం వాడేది జత బిళ్ళలు. ఒకే నంబరుతో రెండు ప్లాస్టిక్ బిళ్ళలు ఉంటాయి. ఒకటి వచ్చిన మనిషి మెడలోకి, రెండోది గేటు దగ్గర మేకుల పలకకు. మనిషికి ఒక జత, బండికి ఒకటి కాదు. పోయేటప్పుడు బిళ్ళ తిరిగిస్తేనే కాటా చీటీ మీద అవుట్ ముద్ర పడుతుంది. ఈ ఒక్క మెలిక లేకపోతే బిళ్ళలు జేబుల్లోనే ఊళ్ళకు పోతాయి, వారంలో పలక అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది. సైరన్ మోగితే వాచ్‌మన్ ఆ పలకను తీసుకుని గుమిగూడే చోటికి పోవాలి. పలక మీద ఎన్ని బిళ్ళలున్నాయో ఎదురుగా అన్ని మెడలు కనబడాలి. వెనక గేటు, అంటే తొక్కల బండ్లు పోయే గేటు, ఈ లెక్కలోకి రాకపోవడం తరచూ జరిగే పొరపాటు. అక్కడ ఇంకో పలక పెట్టాలి, లేదా ఆ గేటుకు తాళం వేయాలి.

బిళ్ళ ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి రెండు నిమిషాలకు మించకూడదు: బండి దగ్గరే ఉండాలి, ప్లాంటు లోపలికి రాకూడదు, బీడీ వద్దు, సైరన్ మోగితే ఎటు పోవాలి. ఆ దిక్కు చేత్తో చూపించాలి. మన సరిహద్దు జిల్లాకు తమిళనాడు, కర్ణాటక లారీలు రోజూ వస్తాయి. తెలుగులో మాత్రమే చెప్పి సంతకం పెట్టించుకుంటే ఆ సంతకానికి విలువ లేదు. తమిళం, కన్నడం వచ్చిన మనిషి షిఫ్టుకొకరైనా గేటు దగ్గర ఉండాలి, లేదంటే బొమ్మల బోర్డు ఉండాలి.

యార్డు విషయానికి వస్తే, నా లెక్కన గుజ్జు ఫ్యాక్టరీలో బయటివాళ్ళకు అన్నిటికంటే పెద్ద గండం ఇక్కడే. అమ్మోనియా అంటే అందరూ భయపడతారు, ట్రాక్టర్ అంటే ఎవరూ భయపడరు. కాయ నింపిన ట్రైలర్ మూడు నాలుగు టన్నులుంటుంది. పైన టార్పాలిన్, కుప్పగా కాయ. వెనక ఏముందో డ్రైవరుకు కనబడదు. చాలా ట్రాక్టర్లకు అద్దాలే ఉండవు. వెనక్కి తీసేటప్పుడు కుర్రాడు సరిగ్గా ట్రైలర్ వెనకే నిలబడి "రానీ, రానీ" అంటుంటాడు. ట్రాక్టర్ ఒక పక్కకు తిరిగితే ట్రైలర్ రెండో పక్కకు తిరుగుతుంది. ప్లాట్‌ఫారం గోడకూ ట్రైలర్‌కూ మధ్య మనిషి ఇరుక్కునేది ఆ క్షణంలోనే.

అందుకని మేం పెట్టుకున్న పద్ధతి ఇది. వెనక్కి తీయించే పని కుర్రాడిది కాదు, యార్డు మనిషిది. అతను డ్రైవరు తల తిప్పితే కనబడేట్టు పక్కన నిలబడతాడు, నోటితో కాక చేతులతో చెబుతాడు. ఇంజన్ మోతలో "ఆపు" అన్నదీ "రా" అన్నదీ ఒకేలా వినబడతాయి. అతను కనబడకపోతే డ్రైవరు ఆపేయాలి, అంతే. ప్లాట్‌ఫారం అంచుకు ముందు జానెడు ఎత్తున కాంక్రీటు దిమ్మె పోస్తాం. చక్రం దానికి తగిలి ఆగుతుంది, గోడకు మనిషి పట్టేంత సందు మిగులుతుంది. బండి నిలిచాక చక్రం కింద రాయి పెట్టడం మనవాళ్ళకు అలవాటు. రాయి జారుతుంది, పైగా తీసేటప్పుడు మనిషి వంగి చక్రాల మధ్యకు చెయ్యి పెట్టాలి. తాడు కట్టిన చెక్క ఆపుడుదిమ్మెలు చేయిస్తే దూరంగా నిలబడే లాగవచ్చు. కరెంటు తీగల కింద హైడ్రాలిక్ ట్రైలర్ పైకెత్తకుండా ఆ జాగా నేల మీద పసుపు గీతలు కొట్టి, అసలు అక్కడ అన్‌లోడింగే పెట్టకూడదు.

ఇక రాత్రి క్యూ. దిగుబడి పెరిగి, ధర పడిపోయి, ఫ్యాక్టరీలు తీసుకోగలిగినదానికంటే కాయ ఎక్కువ వచ్చినప్పుడు ట్రాక్టర్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడతాయి. 2025 సీజన్‌లో జిల్లా అంతా చూసిందే. రెండు మూడు రాత్రులు రోడ్డు మీద కాపలా ఉన్న రైతు నిద్రకు ఎక్కడ వాలతాడు? పైన కాయ, చుట్టూ దోమలు, మధ్యలో వాన. ట్రైలర్ కింద తుండుగుడ్డ పరుచుకుంటాడు. తెల్లవారుజామున ముందు బండి కదలగానే వెనక బండి డ్రైవరు నిద్రకళ్ళతో స్టార్ట్ చేస్తాడు. కింద పడుకున్నది తన మనిషి కాదు, పక్క ఊరి మనిషి. హారన్ కొడితే లేస్తాడనుకుంటారు. మూడు రోజుల అలసటలో హారన్‌కు లేవరు.

దీనికి మేం మూడు పనులు చేస్తాం. మొదటిది షెడ్డు. రేకుల షెడ్డు, లైట్లు, ఫ్యాన్లు, తాగే నీళ్ళు, మరుగుదొడ్డి, బండి నంబరు పిలవడానికి మైకు. షెడ్డు ఇవ్వకుండా "బండి కింద పండుకోవద్దన్నా" అని ఎన్నిసార్లు చెప్పినా దండగ. రెండోది టార్చి. క్యూ ముందుకు జరిగే ప్రతిసారీ గార్డు ఒక్కో బండి దగ్గర వంగి, ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా టార్చి వేసి చూసి, ట్రైలర్ పలక మీద రెండు దెబ్బలు కొడతాడు. ఆ దెబ్బలు వినబడనిదే తాళం తిప్పకూడదు. మూడోది వెనక నుంచి వచ్చే మోటార్‌సైకిళ్ళ కోసం. ట్రైలర్లకు వెనక లైట్లు పనిచేసేవి తక్కువ. గేటు దగ్గర ఎరుపు రిఫ్లెక్టర్ టేపు చుట్టలు పెట్టుకుని, క్యూలోకి వచ్చే ప్రతి ట్రైలర్ వెనక రెండు మూలలా జానెడు జానెడు ముక్కలు అంటిస్తాం. ఒక చుట్ట ఎన్నో బండ్లకు వస్తుంది. గేటు బయట రోడ్డు మన ఆవరణ కాదన్నది నిజమే. ఆ క్యూ మన ఫ్యాక్టరీ కోసమే నిలబడిందన్నదీ నిజమే. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పెట్టే కేసు గోడ దగ్గర ఆగదు. టైము వేసిన టోకెన్లు ముందు రోజే ఫోనుకు పంపితే క్యూ సగం అక్కడే తగ్గుతుంది.

ప్లాంటు లోపలికి తీసుకెళ్ళక తప్పని బయటివాళ్ళు వేరే. విద్యార్థులకు పదిమందికి ఒకరు చొప్పున మా మనిషి, బృందం ముందు ఒకరు, తోకన ఒకరు. కండువా, చున్నీ, వేలాడే చీర కొంగు, విరబోసిన జడ కన్వేయర్ దగ్గరకు వెళ్ళకూడదు. బయటే ముడి వేయించాలి, గాజులు, ఉంగరాలు తీయించాలి. గుజ్జు పడిన నేల సబ్బు నీళ్ళకంటే జారుతుంది. చెప్పులతో, ఉత్త కాళ్ళతో వచ్చినవాళ్ళకు ఆ నిమిషంలో బూట్లిచ్చినా కాలికి సరిపోవు, ఇంకా తడబడతారు. అలాంటివాళ్ళను తడి నేల మీదికి తీసుకెళ్ళం, అద్దాల కిటికీ వెనక నుంచి చూపిస్తాం. గుజ్జును 95 డిగ్రీల పైన వేడి చేసే స్టెరిలైజర్ వైపు, కాస్టిక్ సోడాతో పైపులు కడిగే సమయంలో ఆ హాలు వైపు ఎవరినీ పంపకూడదు. కడిగే టైము చూసి సందర్శన టైము ఇవ్వాలి.

కాయ ఎంత మాగిందో చూద్దామని వ్యాపారులు మాగబెట్టే గదుల్లోకి తలదూరుస్తుంటారు. కార్బైడ్ నిషిద్ధం. కాయను మాగించే ఇథిలిన్ వాయువు 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో వంద వంతులు) వరకే అనుమతి, ఆ మోతాదులో అంటుకునే భయం లేదు. కానీ మూసిన గదిలో టన్నుల కొద్దీ కాయ ఊపిరి తీస్తుంది. ఆక్సిజన్ తగ్గి బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. తలుపు తీసి, ఫ్యాన్ వేసి, గాలి మారాకే లోపలికి. సిలిండర్ ఉన్న వైపు బీడీ, అగ్గిపెట్టె అసలే వద్దు.

వ్యర్థ జలాల ట్యాంకు శుభ్రం చేయడానికి వచ్చేవాళ్ళ విషయంలో ఒక్క మాట. గేటు దగ్గర వాళ్ళు కూడా విజిటర్ల పుస్తకంలోనే సంతకం పెడతారు. కానీ వాళ్ళు చూడవచ్చినవాళ్ళు కాదు, కాంట్రాక్టు కార్మికులు. పూర్తి రూల్స్ వర్తిస్తాయి. కుళ్ళిన గుజ్జు బురదను కలిపితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా లేస్తుంది. గ్యాస్ మీటరు రీడింగ్, రాతపూర్వక పర్మిట్, పైన తాడు పట్టుకున్న మనిషి లేకుండా ఒక్కరిని కూడా దించకూడదు. మొదటివాడు పడిపోతే కాపాడబోయి రెండోవాడు దిగుతాడు, మూడోవాడూ దిగుతాడు. ఇలాంటి ట్యాంకుల్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం అదే.

గోడ అవతలి ఊరి గురించి. కోల్డ్ స్టోరేజీ, చిల్లర్లు ఉన్నచోట అమ్మోనియా ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. వాళ్ళు ఆ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నవాళ్ళు కాదు, ఆర్.ఆర్. వెంకటాపురంలో ఇళ్ళల్లో నిద్రపోతున్నవాళ్ళు. అమ్మోనియా వాసన కొద్ది పీపీఎంలకే ముక్కుకు తెలుస్తుంది, అదొక మేలు. పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో 8 గంటల పనికి హద్దు 25 పీపీఎం, స్వల్పకాలానికి 35గా ఉండేది. 300 దాటితే ప్రాణాపాయం. వాయువు గాలికంటే తేలికే అయినా ద్రవం లీకైనప్పుడు చల్లటి తెల్ల పొగమంచులా నేలను పట్టుకుని పాకుతుంది. అప్పుడు గాలి వీచే దిక్కుకు అడ్డంగా పరుగెత్తాలి, గాలి వాటున కాదు. తడి గుడ్డ ముక్కుకు పెట్టుకోవాలి. నీళ్ళు పొగ మీద చిమ్మాలి, కారిన ద్రవం మీద పోయకూడదు. పోస్తే మరింత వేగంగా ఆవిరవుతుంది. ఇవన్నీ ఊళ్ళోవాళ్ళకు ఏడాదికొకసారైనా చెప్పాలి, సైరన్ వినిపించాలి. గాలి ఎటు వీస్తోందో చూపే గాలిగొట్టం, అంటే విండ్‌సాక్, వాళ్ళ ఇళ్ళ నుంచి కనబడే ఎత్తులో కట్టాలి. మాక్ డ్రిల్ పేరుతో ఫ్యాక్టరీ వాళ్ళే లోపల ఫొటోలు దిగితే ఊరికి ఒరిగేదేమీ లేదు.

6వ సెక్షన్‌లో భవన నిర్మాణం కూడా ఉంది కాబట్టి తిరుపతిలో లాడ్జీలు కట్టేవాళ్ళకూ ఇదే బాధ్యత. కింద సంచులతో, పిల్లలతో నడిచేది యాత్రికులు. ఆ వీధిలో పైన పని జరుగుతోందని వాళ్ళకు తెలియదు. 1998 కేంద్ర నిర్మాణ కార్మికుల నిబంధనల్లో కొలతలతో సహా ఉంది. 15 మీటర్లు, ఆ పైన ఎత్తుకు కట్టే భవనానికి చుట్టూ, నేల నుంచి 5 మీటర్లకు మించని ఎత్తులో, కనీసం 2 మీటర్ల వెడల్పు రక్షణ పందిరి వేయాలి, దాని బయటి అంచు లోపలికంటే ఎత్తుగా ఉండాలి. ఆకుపచ్చ వల ఒక్కటి కడితే ఇటుక ఆగదు.

ప్రమాదం జరిగితే బయటివాడని దాచిపెట్టకూడదు. 108కు ఫోను చేసి, ప్రథమ చికిత్స చేసి, ఆ చోటును కదపకుండా ఉంచి, రిజిస్టర్‌లో ఎక్కించాలి. దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు, ఆ పైన పనికి వెళ్ళలేకపోతే సంబంధిత అధికారులకు నోటీసు పోవాలి. రైతుకు ఈఎస్ఐ లేదు, కార్మిక నష్టపరిహారమూ రాదు. అందుకే బయటివాళ్ళకు వర్తించే పబ్లిక్ లయబిలిటీ బీమా పాలసీ సీజన్‌కు ముందే తీసుకోవాలి. పాలసీ కాగితంలో యార్డు, కాటా, పార్కింగ్ జాగా ఉన్నాయో లేదో చదివి చూడాలి. ప్లాంటు బిల్డింగు సర్వే నంబరు మాత్రమే రాసి, ట్రాక్టర్లు నిలిచే పక్క పొలాన్ని వదిలేసిన కాగితాలు కనబడుతుంటాయి.

"తెలిసినా తెలియకపోయినా" అన్న మాట కోసం ఒక పని మిగిలి ఉంటుంది. టెంకల కుప్ప ఉన్న వైపు ప్రహరీకి సందు పడితే పిల్లలు అక్కడినుంచే వస్తారు. ఒలికిన కాయల కోసం, ఒక్కోసారి ఊరికే ఆడుకోవడానికి. వారానికొకసారి ప్రహరీ వెంట పూర్తిగా నడిచి, దొరికిన సందును ఆ రోజే పూడ్చాలి, ముళ్ళకంప వేసి వదిలేయకూడదు. ఇక రాత్రి 10 గంటలకు గార్డు మారేటప్పుడు, పాత గార్డు కొత్త గార్డుకు తాళాలతోపాటు బిళ్ళల పలక అప్పగిస్తాడు. పలక మీద మిగిలిన ఒక్కో నంబరు చదివి, ఆ మనిషి షెడ్డులో ఉన్నాడా, కాటా దగ్గర ఉన్నాడా అని ఇద్దరూ కలిసి వెళ్ళి చూసి వస్తారు. మనిషి కనబడని నంబరు ఒక్కటి ఉన్నా పాత గార్డు ఇంటికి పోడు.